జీలకర్ర బెల్లం పెట్టేదాకా

చైత్ర బహుళ చవితి

ఇది పైకి పెట్టని టపా. నా బ్లాగులో ‘దాచినవి’ అని ఒక అర ఉంది. సగంలో ఆగిన ప్రేమ సన్నివేశాలు, కోపం వచ్చి రాసి పంపలేకపోయిన జవాబులు అందులో పడేస్తుంటాను. ఈ పూట నుంచి నా మనసులోది కూడా అక్కడే రాసుకుంటాను. ఎవరితోనైనా చెప్పుకుందామంటే నా గొంతు పక్కన కూర్చున్నవాళ్లకే సరిగా వినపడదు.

పొద్దున దీపం గొట్టం కింద ఉన్న తులసికి నీళ్లు చిలకరించి, రాములవారికి పటికబెల్లం నైవేద్యం పెట్టి, తెర ముందు కూర్చున్నాను. నవమి పానకం పంచిన మర్నాడే దూరపు గ్యాలరీల తలుపులు మూసేశారు. పైన ఎండ ముదిరిందంటే మేం కాపురాలుంటున్న ఈ పాత బొగ్గుగనిలో చల్లదనాన్ని ఎక్కడిదక్కడ పట్టి ఉంచాలి. మొదటి మూడు గ్యాలరీలకీ నడిమి హాలు ఉమ్మడి కాబట్టి మాకు కాస్త నడక ఉంటుంది. నాలుగు నుంచి ఏడు దాకా ఉన్నవాళ్లు తొలకరి వరకూ గడప దాటలేరు. వాళ్లకి గాలి గొట్టంలో వస్తుంది, నీళ్లు గొట్టంలో వస్తాయి, కబుర్లు తీగ మీద వస్తాయి.

అందుకే ఈ మూత నెలల్లో నా సీరియల్‌కి గిరాకీ ఎక్కువ. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, పెళ్లి కానిదాన్ని, యాభై ఏళ్లదాన్ని. నేను రాసే ప్రేమకథలు ఇంతమంది చదువుతారని నేనెప్పుడూ అనుకోలేదు. చదివి ఊరుకోరు, రోజూ వ్యాఖ్యలు పెడతారు. మల్లికకీ సుధీర్‌కీ మధ్య ఈ వారం గొడవ పెట్టానని నాలుగో గ్యాలరీ ఆడవాళ్లు నన్ను తిట్టిపోశారు. అందరూ అడిగేది మాత్రం ఒక్కటే. వాన. పైన పుట్టినవాళ్లు తగ్గిపోయారు. జుట్టు మీద వాన చినుకు పడితే ఎలా ఉంటుందో చదివి తెలుసుకోవాల్సిన వాళ్లే ఇప్పుడు ఎక్కువ.

ఏడో గ్యాలరీ కోమలవల్లి గారి వ్యాఖ్య కోసం ముందు వెతుకుతాను. నేను ఆవిడని చూడలేదు. ఆవిడకి నా కథలన్నీ కంఠతా. ఇవాళ ఏమని పెట్టారంటే, ‘తాయారమ్మా, సుధీర్‌కి ఎడమ భుజం మీద దెబ్బ తగిలిందని పన్నెండో భాగంలో రాశావు. నిన్న కుడి భుజానికి కట్టు కట్టించావు. మల్లికకి కళ్లు కనపడవా, నీకా?’

నవ్వుకుని దిద్దాను. ఇలాంటి పాఠకురాలు ఒక్కరుంటే చాలు, రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

చైత్ర బహుళ అష్టమి

ఇవాళ కోమలవల్లి గారు ఇలా రాశారు: ‘కథ బాగుంది. మల్లిక ఎవరు?’

వేళాకోళం అనుకున్నాను. నాలుగు రోజులుగా సుధీర్ చుట్టూనే కథ తిప్పుతున్నాను కదా, మల్లికని మరిచిపోయావని దెప్పుతున్నారనుకున్నాను. ‘క్షమించండి, రేపు మల్లిక వస్తుంది’ అని జవాబు పెట్టాను. దానికి మళ్లీ ‘ఎవరు వస్తారు?’ అని వచ్చింది.

ఆవిడ ఒక్కరే కాదు. ఏడో గ్యాలరీ నుంచి వచ్చిన వ్యాఖ్యలన్నీ పొడి పొడిగా ఉన్నాయి. ‘బాగుంది.’ ‘నిద్ర వస్తోంది.’ ‘తలనొప్పిగా ఉంది, తర్వాత చదువుతా.’ నా కథ చప్పబడిందేమో అనుకున్నాను. రాసేవాళ్లకి ముందు అదే భయం. ఎవరికేమైందోనన్న ఆలోచన తర్వాత గానీ రాదు.

సాయంత్రం ఆంజనేయ దండకం చదువుకుంటూ ఒక నిర్ణయానికొచ్చాను. మరిచిపోయినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా, రేపటి నుంచి ప్రతి భాగం పైన ‘జరిగిన కథ’ అని నాలుగు ముక్కలు పెడతాను.

చైత్ర బహుళ ద్వాదశి

‘జరిగిన కథ’ నాలుగు ముక్కలతో మొదలై ఇప్పుడు అసలు భాగమంత పొడుగైంది. ఏడో గ్యాలరీ వాళ్లు సంతోషంగా ఉన్నారు. ‘ఇప్పుడు అర్థమవుతోంది తల్లీ’ అని కోమలవల్లి గారు రాశారు. ఆవిడ నన్ను ఎప్పుడూ తల్లీ అనలేదు. తప్పు పట్టనూ లేదు. కావాలని సుధీర్ తండ్రి పేరు మార్చి చూశాను. నాలుగో గ్యాలరీ వాళ్లు లబోదిబోమన్నారు. కోమలవల్లి గారు ‘బాగుంది తల్లీ’ అన్నారు.

నాకు అన్నం సయించలేదు.

రేపు ఒక పోటీ పెడతాను. పాఠకులతో చనువు పెరగడానికి అప్పుడప్పుడూ పెడుతుంటాను. గెలిచినవాళ్ల పేరు కథలో ఏదో ఒక పాత్రకి పెడతాను, అదే బహుమతి. ఈసారి ‘జరిగిన కథ’ లేకుండా ప్రశ్నలు అడుగుతాను. తేలికైనవే. మల్లికది ఏ ఊరు? ఆమెకి తోబుట్టువులున్నారా? సుధీర్ ఏం పని చేస్తాడు?

చైత్ర అమావాస్య

జవాబులు వచ్చాయి. నాలుగు, అయిదు, ఆరు గ్యాలరీల వాళ్లు అన్నీ సరిగ్గా రాశారు. ఏడో గ్యాలరీ నుంచి ఒక్కటీ సరైనది లేదు. సగం మంది ప్రశ్ననే తిరిగి రాసి పంపారు. ఒకావిడ ‘మా ఆయన్ని అడిగి చెబుతా’ అని రాసింది. కాసేపటికి అదే మాట మళ్లీ రాసింది. ఆపైన మళ్లీ అదే రాసింది.

ఒక మనిషి మరిచిపోతే వయసనుకుంటాం. గ్యాలరీ మొత్తం మరిచిపోతే? వాళ్లందరూ పీల్చేది ఒకే గాలి.

ఇన్నాళ్లూ నేనేం చేశాను! వాళ్లు మరిచిపోతున్నది బయటపడకుండా రోజూ ‘జరిగిన కథ’ రాసి కప్పిపెట్టాను. రామా, నా చేత ఇదేం పని చేయించావు.

చీర మార్చుకుని గాలి ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కుందన అని ఒక ఇంజనీరమ్మాయి ఉంది. మంచి పిల్ల. నా బ్లాగు కూడా చదువుతుంది. చెప్పిందంతా విని, ఏడో గ్యాలరీ మీటరు తెర మీద చూపించింది.

“చూడండి పిన్నీ, ఆకుపచ్చగానే ఉంది. గాలి బాగానే వెళ్తోంది.”

“మీటరు ఎక్కడుందమ్మా?”

“గొట్టం మూతి దగ్గర, తలుపు పక్కనే.”

“కోమలవల్లి గారి ఇల్లు చివర వరసట. అక్కడ కూడా ఇలాగే ఉంటుందా?”

కుందన మళ్లీ తెర వైపు తిరిగింది. “ఉండాలి. లోపల గాలిని ముందుకి తోసే పంకాలున్నాయి. అవి ఆగితే కబురు రావాలి.” తర్వాత గొంతు తగ్గించింది. “కబురు చెప్పాల్సిన మనిషికి గుర్తుంటే కదా అంటారు మీరు.”

“అదే అంటున్నాను.”

తను గాలి ఆఫీసు పెద్ద ఆనందరావు గారి దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. ఆయన నన్ను కూర్చోబెట్టారు. విసుక్కోలేదు. “తాయారు గారూ, క్రితం వేసవి ఎవరో పొగ వాసన అంటే నాలుగో తలుపు తెరిపించాను. పొగ లేదు, ఏమీ లేదు. పైకి పోయే సొరంగంలోని వేడి లోపలికి కొట్టింది. ఆ వారంలో ఎంతమంది ముసలివాళ్లని దహనానికి పైకి మోశామో మీకు తెలుసు. వ్యాఖ్యల మీద ఏడో తలుపు తెరవమంటే నేను తెరవలేను.”

ఆయన తప్పు కూడా కాదు. అందుకే మరీ దిక్కు తోచడం లేదు.

వైశాఖ శుద్ధ తదియ

అక్షయ తృతీయ. పూజ చేశాను గానీ మనసు నిలవలేదు. ఏడో గ్యాలరీ నుంచి నిన్న పదిమంది రాశారు. ఇవాళ ముగ్గురు. కోమలవల్లి గారు ‘ఉన్నారా’ అని మాత్రం రాశారు. ఉన్నానమ్మా అని జవాబిచ్చాను. మళ్లీ ‘ఉన్నారా’ అని రాశారు.

నీళ్లకి వెళితే కొళాయి దగ్గర వీరభద్రం గారు ఉన్నారు. పంపుల పని చూస్తారు. భార్య పోయి చాలా ఏళ్లయింది. సొంత ఇల్లు ఏడో గ్యాలరీలోనే. పంపు బాగు చేయడానికి ఇటు వచ్చి, తలుపులు మూసేసరికి ఇక్కడే ఉండిపోయారు. మా వరస ఆడవాళ్లకి క్యాన్లు ఎత్తి పెడుతుంటారు.

“ఏందమ్మా, క్యాను నిండకముందే మూత పెడుతున్నవు?”

నాకు ఏడుపొచ్చింది. ఉన్నదంతా చెప్పాను. ఆయన కొళాయి కట్టేశారు.

“నేనెవరికి చెప్పుకోవాలో తెల్వక తిరుగుతున్న. మొన్న తీగ మీద మా వదినతోని మాట్లాడిన. ‘ఎవరు బాబూ నువ్వు?’ అన్నది. నాకు అమ్మ లెక్క అన్నం పెట్టిన మనిషి. ఆఫీసుల చెప్తే ముసలితనం అన్నరు. మా వదిన నాకంటే చిన్నది!”

“తలుపు తెరవరట వీరభద్రం గారూ.”

“తెరుస్తరు. కాన్పుకు తెరుస్తరు, చావుకు తెరుస్తరు, పెండ్లికి తెరుస్తరు. కాన్పులు ఎవరియి లేవు. చావు కోసం కూసోమంటరా?”

“రామ రామ, ఆ మాట అనకండి.”

“చావుకు తెరిచినా మోసే నలుగురి కోసమే. పెండ్లైతే వాడంతా కదులుతది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా తలుపు వెయ్యరు. వచ్చినోళ్లు పదహారు రోజుల పండుగ దాకా ఇక్కడనే ఉంటరు, మళ్ల మళ్ల తెరవలేరు గద. మా గ్యాలరీల ఒక్క పోరి పెండ్లైనా పెట్టుకుంటే బాగుండు. ఆళ్లకు ఇప్పుడు ఆళ్ల పేర్లే యాదికి లేవు, పెండ్లేం పెట్టుకుంటరు.”

క్యాన్ల బండి తోసుకుంటూ వెళ్లిపోయారు. నేను అక్కడే నిలబడిపోయాను.

వైశాఖ శుద్ధ పంచమి

నిన్నంతా రాములవారి పటం ముందు కూర్చున్నాను. ఆయనేం చెప్పలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పరు. మనం చేయబోయేది చూస్తూ ఊరుకుంటారు.

నా కథల్లో ఎంతమంది చేత ఆ మాట అడిగించానో. వెన్నెల్లో, వంతెనల మీద, వానలో, రైలు కదులుతుండగా. ఇవాళ పొద్దున నీళ్ల కొళాయి దగ్గర, వెనక నలుగురు క్యాన్లు పట్టుకుని నిలబడి ఉండగా, నేను అడిగాను.

“వీరభద్రం గారూ, మీకు మళ్లీ పెళ్లి చేసుకునే ఉద్దేశం ఉందా?”

“ఎవరిని?”

“నన్ను.”

ఆయన నా వైపు చూశారు. తర్వాత కిందికి చూశారు. “క్యాను పొర్లుతుంది.” వంగి కొళాయి కట్టేశారు. అప్పుడు నెమ్మదిగా, “మావాళ్ల కోసం ఉత్తుత్తిదా?” అన్నారు.

“కాదు. అగ్ని ముందు అబద్ధం చెప్పలేను. కట్టించుకుంటే నిజంగానే కట్టించుకుంటాను. మీకు ఇష్టం లేకపోతే చెప్పేయండి, ఏమీ అనుకోను.”

“నిజందైతే ఆలోచన చేసుకోవాలె.”

బండి తోసుకుంటూ మలుపు దాకా వెళ్లారు. అక్కడ ఆగారు. బండి అక్కడే వదిలేసి తిరిగి వచ్చారు.

“ఆలోచన చేసిన. నాకు పొద్దుగాల బీడీ అలవాటున్నది.”

“నాకు పొద్దున్నే విష్ణు సహస్రనామం అలవాటు.”

“నేను విబూది పెట్టుకుంట.”

“ఎవరి నుదురు వాళ్లది.”

వెనక నిలబడ్డ సూరమ్మ క్యాను కింద పెట్టి బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో అయ్యో! కథలు రాసి రాసి నువ్వే కథైపోతివి గదనే తాయారూ! యాభై ఏండ్లకు పెండ్లికూతురా? నాకు నీళ్లు పట్టుకోనిస్తరా లేదా ముందు?”

నాకు నవ్వొచ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. ఆ వెంటనే సిగ్గేసింది.

వైశాఖ శుద్ధ సప్తమి

పురోహితులు నరహరి గారు పంచాంగం చూశారు. ఏకాదశి నుంచి మూఢం. అది మొదలైతే తొలకరి దాటే వరకూ ముహూర్తాలే లేవు. ఉన్నది దశమి పొద్దున ఒక్కటే. “వయసులో పెద్దవాళ్లు, నక్షత్రాలు మరీ పట్టించుకోనక్కర్లేదు. ముహూర్తం మాత్రం తప్పకూడదమ్మా” అన్నారు. తప్పదండీ అన్నాను. నా జన్మలో వర్జ్యంలో గడప దాటి ఎరగను.

ఆనందరావు గారికి ఎందుకో అర్థమైంది. అయినా ఆచారం ఆచారమే. సంతకం పెట్టారు. “జీలకర్ర బెల్లం పెట్టిన క్షణం తలుపు వేయిస్తాను. ఒక్క నిమిషం ఎక్కువ ఉంచను” అన్నారు.

బ్లాగులో శుభలేఖ పెట్టాను. ఏడో గ్యాలరీలో ప్రతి గడపకీ పేరుపేరునా. ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి తాయారును’ అని నా గురించి నేనే రాసుకున్నాను.

నాలుగో గ్యాలరీ వాళ్లు ఆశీస్సులతో ముంచెత్తారు. ఆరో గ్యాలరీ నుంచి ఒకాయన ‘ఇన్నాళ్లకు మీరు కూడా!’ అని రాశాడు.

ఏడో గ్యాలరీ నుంచి వచ్చినవి ఇవి: ‘ఈ భాగం బాగుంది.’ ‘పెళ్లికొడుకు పేరు మార్చారేం?’ ‘వీరభద్రం మంచివాడిలా ఉన్నాడు, చంపకండి.’ కోమలవల్లి గారు: ‘పెళ్లి త్వరగా పెట్టేశావు తల్లీ. వాన సన్నివేశం ఏది?’

ఇది కథ కాదని రాశాను. నిజంగా నా పెళ్లి అని రాశాను. లేచి రండని రాశాను.

‘చాలా బాగా రాశారు’ అని వచ్చింది.

వైశాఖ శుద్ధ నవమి

రేపే పెళ్లి. వాళ్లెవరూ రారు. తలుపు తెరుచుకుంటుంది, ఎవరూ రాకుండానే మూసుకుంటుంది. పొద్దున్నుంచీ రాసిన ప్రతి టపా కింద అవే జవాబులు. పెద్ద అక్షరాల్లో రాశాను. తిట్టి రాశాను. నాకు తిట్టడం రాదు, అదీ సరిగా రాలేదు. మీ ప్రాణాలు పోతున్నాయని రాస్తే ‘అయ్యో, సుధీర్ చనిపోతాడా?’ అని ఒకావిడ కంగారుపడింది.

వీరభద్రం గారు తలంబ్రాల బియ్యం తెచ్చి ఇస్తూ నా ముఖం చూశారు. తెర మీద ఉన్నవన్నీ చదివించుకున్నారు.

“కథ అనుకుంటున్నరు. అంతే గదా?”

“ఎంత చెప్పినా నమ్మడం లేదండీ.”

“నమ్మియ్యాలని చూస్తున్నవు, అందుకే ఐతలేదు. మతి లేనోళ్లతోని వాదులాడితే ఏమొస్తది? కథనే అనుకోనియ్యి. కథకే రమ్మను.”

ఆయన వెళ్లాక చాలాసేపు కూర్చుని ఈ నాలుగు వాక్యాలు పెట్టాను:

‘రేపటి భాగం తెర మీద రాదు. నడిమి హాలు పందిట్లో నేనే నోటితో చెబుతాను. మల్లిక మీద వాన పడేది రేపే. వచ్చినవాళ్లకే వినపడుతుంది.’

కోమలవల్లి గారి జవాబు వచ్చింది: ‘ఎక్కడ?’

తలుపు దగ్గర డోలు మోగుతుంది, ఆ చప్పుడు వైపు నడవండి అని రాశాను. ఆవిడ చదివారో లేదో. నేను జనం ముందు నోరు విప్పి ఎరగను. రామా, రేపు ఆ పని కూడా నువ్వే చూడాలి.

వైశాఖ శుద్ధ ఏకాదశి

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తున్నాను.

ఎదురుకోళ్లకి ఆడపెళ్లివారి తరఫున సూరమ్మ, కుందన వెళ్లారు. పానకం బిందె సూరమ్మ చంకలో, చేతి మీటరు కుందన నడుముకి. వెనక డోలూ సన్నాయీ. తలుపు తెరుచుకోగానే సొరంగం లోంచి వేడి పొయ్యి మూత తీసినట్టు వచ్చింది. కాగితం తోరణాలు గలగలలాడాయి.

వాళ్లు వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని రాలేదు. జుట్టు విరబోసుకుని, లుంగీలతో, ఒకావిడ చేతిలో గరిటెతో. నిద్రలో నడిచే మనుషుల్లా వచ్చారు. పెదాలు రంగు మారి ఉన్నాయి. వీరభద్రం గారి వదిన ఆయన ముందు నుంచే వెళ్లిపోయింది, గుర్తు పట్టలేదు. ఆయన తల వంచుకున్నారు. వచ్చినవాళ్లందరూ అడిగింది ఒకే మాట. “కథ ఎప్పుడు?”

పీటల మీద కూర్చున్నాం. మధ్యలో తెర పట్టారు. నరహరి గారు మంత్రాలు మొదలుపెట్టారు. చాపలు సగమే నిండాయి. సూరమ్మ వచ్చి నా చెవిలో చెప్పింది. “ముందు వరసలోళ్లు వచ్చిండ్రు. చివరి వరస ఒక్కరు గూడ రాలే. ఆ కుందన పిల్ల లోపలికి ఉరికింది. వద్దురా అంటే ఇంటదా?”

చివరి వరస. కోమలవల్లి గారి వరస.

ఆనందరావు గారు పీటల దగ్గరికి వచ్చి వంగారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. “తాయారు గారూ, హాలు వేడెక్కిపోతోంది. అదిగో ఆ మూల కూర్చున్నది మా అమ్మ. ఊపిరి ఆడటం లేదంటోంది. ముహూర్తానికి కానిచ్చేయండి, దణ్ణం పెడతాను.”

చూశాను. ముసలావిడ గోడకి ఆనుకుని కొంగుతో విసురుకుంటోంది. ఆవిడకేమైనా అయితే ఆ పాపం నాదే. లోపల ఉన్నవాళ్లకేమైనా అయితే? అదీ నాదే. ఎటు తిరిగినా నాదే.

“ఇంకొక్క వరస రావాలండీ” అన్నాను.

“సావధానా!” అన్నారు నరహరి గారు. గట్టిమేళం మోగింది. నా అరచేతిలో జీలకర్ర బెల్లం ముద్ద. తెర మీదుగా వీరభద్రం గారి చేయి సగం దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

“పెట్టాల్నా?” అని అడిగారు, నాకు మాత్రమే వినపడేలా.

“వద్దు. ఆగండి.”

“అట్లనే.”

చేయి వెనక్కి వెళ్లింది. మేళం కాసేపు మోగి, ఏమైందో తెలియక ఆగిపోయింది. నరహరి గారు నా ముఖంలోకి చూశారు. “అమ్మా, ముహూర్తం దాటిపోతోంది.”

“దాటనివ్వండి.”

ఆ మాట నా నోట వచ్చిందంటే నాకే నమ్మకం కుదరలేదు. పంచాంగం చూడకుండా నేను పచ్చడి కూడా పెట్టను. నరహరి గారు పంచాంగం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వేడికి ఎవరో పసిబిడ్డ ఏడుపు అందుకుంది.

అంతలో ఏడో గ్యాలరీ వాళ్లు లేవసాగారు. మేళం ఆగింది కదా, అయిపోయిందనుకున్నారు. ఒకాయన “పడుకుంటా” అంటూ తలుపు వైపు నడిచాడు. ఆయన వెనక ఇద్దరు. సూరమ్మ రెక్క పట్టుకుంటే విదిలించుకున్నాడు.

నేను మొదలుపెట్టాను.

“మల్లిక బస్సు దిగింది.”

ఎవరికీ వినపడలేదు. నా గొంతే అంత. మళ్లీ అన్నాను. అప్పుడు తెర అవతల నుంచి, పంపు చప్పుడులో అరిచి అరిచి అలవాటైన గొంతు, హాలంతా మోగేలా అంది:

“మల్లిక బస్సు దిగిందట!”

లేచినవాళ్లు ఆగారు.

“గొడుగు తెచ్చుకోలేదు.”

“గొడుగు మర్చిపోయిందట పిచ్చిది!”

“పడమట మబ్బు కమ్ముకొస్తోంది. స్టాండులో ఇంకెవరూ లేరు.”

“ఒక్కతే ఉన్నదట! మబ్బు ఇంత నల్లగున్నదట!”

నేనొక వాక్యం అనడం, ఆయన దాన్ని తన మాటల్లో తిప్పి అరవడం. బుర్రకథలో వంతలాగా సాగింది. రాసుకున్నదేమీ లేదు, నోటికి వచ్చిందే. చినుకు ముందు మట్టి మీద పడిందన్నాను. దుమ్ము లేచిందన్నాను. ఆమె పాపిట్లో ఒక చినుకు పడి, నుదుటి మీదుగా జారి, ముక్కు చివర ఆగిందన్నాను. “ముక్కు మీద ఆగిందట!” అని ఆయన అంటే ఎవరో నవ్వారు. పడుకుంటానన్నాయన వచ్చి మా పీటల పక్కనే నేల మీద కూలబడ్డాడు. వీరభద్రం గారి వదిన రెండు చేతులతో తల పట్టుకుని, “ఈ గొంతు మా భద్రయ్యది గదా” అంది.

తెర అవతల గొంతు పలకలేదు. నేను తర్వాతి వాక్యం ఆపి, ఆయన మళ్లీ మాట్లాడగలిగే దాకా ఆగాను.

వాన పెంచుతూ పోయాను. సుధీర్ ఇంకా రాలేదు. వస్తే కథ అయిపోతుంది. మల్లికని తడుస్తూ అక్కడే నిలబెట్టాను. ఆనందరావు గారు తలుపు దగ్గర, వాళ్లమ్మ దగ్గర, మా దగ్గర, ఇటూ అటూ తిరుగుతున్నారు. ఒకసారి తలుపు మీట మీద చేయి వేశారు. నా వైపు చూశారు. నేను వాక్యం మాత్రం ఆపలేదు.

అప్పుడు వినపడింది. సొరంగంలో దూరం నుంచి కీచుమని ఒకటే మోత. దగ్గరవుతోంది. కుందన నడుముకున్న చేతి మీటరు అరుస్తోంది. ఎర్రగా వెలుగుతోంది. ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. భుజం మీద ఒక సన్నటి ఆవిడని ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడిపిస్తోంది. వెనక చివరి వరస మనుషులు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వస్తున్నారు.

“పంకాలు ఆగి ఎన్నాళ్లయిందో సార్” అంది కుందన, ఆనందరావు గారితో. ఊపిరి అందక మాటలు తెగుతున్నాయి. “లోపల ఇంకా లేవలేనివాళ్లున్నారు.”

ఆయన మీటరు అందుకుని చూశారు. మీట మీది చేయి తీసేశారు. చొక్కా విప్పి పక్కన పారేసి, మోయడానికి మనుషుల్ని కేకేస్తూ తనే ముందు సొరంగంలోకి పరిగెత్తారు.

కుందన ఆ సన్నటి ఆవిడని నా పక్కన కూర్చోబెట్టింది. “కోమలవల్లి గారు” అంది.

ఆవిడ చాలాసేపు నన్ను చూశారు. బాసికం చూశారు, తెర చూశారు, నా చేతిలోకి చూశారు.

“ఎవరిది పెళ్లి?”

“నాదేనమ్మా.”

“పెళ్లికొడుకు ఎలాంటివాడు?”

“ఇంకా చూడాలి.”

“మరి చూడవేం? ఎంతసేపు కూర్చోబెడతావు ఆ పిల్లాణ్ని?”

తెర దించమని నరహరి గారికి సైగ చేశాను. వీరభద్రం గారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. విబూది చెమటకి కరిగి కనుబొమల దాకా కారింది. బెల్లం కూడా నా వేళ్ల మధ్య కరిగి కారిపోయి, కాస్త జీలకర్రే మిగిలింది. మిగిలినంతే ఆయన నెత్తి మీద పెట్టాను. ఆయన నా తల మీద పెట్టారు. మంచి ఘడియ కాదు, మేళం వాళ్లు డోలు పక్కన పడేసి మనుషుల్ని మోయడానికి వెళ్లిపోయారు, అక్షింతలు వేసినవాళ్లలో సగం మందికి ఎవరి మీద వేస్తున్నారో తెలియదు.

జీలకర్ర బెల్లం పెట్టాక కూడా తలుపు తెరిచే ఉంది.